స్టాక్ సరే, ర్యాక్ ఏది?

ఫ్లెక్స్ షాపు అనగానే మనకు పుట్టినరోజు శుభాకాంక్షలు, లీడర్ల ఫోటోలు, రోడ్డుకి అడ్డంగా కట్టిన బ్యానర్లు గుర్తొస్తాయి. వాటి మీద ఎన్ని జోకులైనా వేస్తాం. కానీ ఆ ఫ్లెక్స్ ప్రింట్ అవ్వకముందు షాపులో ఎక్కడ ఉంటుంది, దాన్ని మెషీన్ దాకా ఎవరు తెస్తారు అని ఎవరూ అడగరు. నేను చెప్పాలనుకున్నది ముందే చెప్పేస్తా. లక్షలు పోసి ప్రింటింగ్ మెషీన్ కొన్న షాపులో రోల్స్ పెట్టడానికి సరైన ర్యాక్ లేదంటే, ఆ ర్యాక్ చేయాల్సిన పనిని ఒక మనిషి నడుము చేస్తోందని అర్థం.

ముందు బరువు లెక్క చూద్దాం. ఫ్లెక్స్‌ని జీఎస్ఎమ్‌లో కొలుస్తారు, అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములు అని. పది అడుగుల వెడల్పు, యాభై మీటర్ల పొడవు ఉన్న రోల్ తీసుకోండి. పది అడుగులంటే 3.05 మీటర్లు. మొత్తం 152 చదరపు మీటర్ల పైమాటే. 280 జీఎస్ఎమ్ అయితే దాదాపు 43 కిలోలు. 440 జీఎస్ఎమ్ అయితే 67 కిలోలు. లోపలి అట్ట గొట్టం బరువు దీనికి అదనం. పైగా ఇది బియ్యం మూట లాంటిది కాదు. మూట అయితే భుజాన వేసుకుంటే ఒంటికి అతుక్కుంటుంది. రోల్ పది అడుగుల పొడవు, నున్నగా ఉంటుంది, పట్టుకోడానికి పిడి ఉండదు. ఒక కొస ఎత్తితే ఇంకో కొస ఎటు తిరుగుతుందో తెలీదు.

ఇప్పుడు ఈ రోల్స్ చాలా చిన్న షాపుల్లో ఎలా ఉంటాయి? గోడవారన నేల మీద, ఒకదాని మీద ఒకటి. షాపు వాళ్లు దీన్ని స్టాక్ అంటారు. మా సిలబస్‌లో కూడా ఒక స్టాక్ ఉంది. స్పెల్లింగ్ వేరైనా తెలుగులో రాస్తే రెండూ ఒకటే, ఇక్కడ అర్థం కూడా ఒకటే అయిపోయింది. మా స్టాక్ రూల్ ఏంటంటే, చివర పెట్టిందే ముందు బయటికి రావాలి. అడుగున ఉన్నది కావాలంటే పైనున్నవన్నీ తీయాలి. ఐదు రోల్స్ పేర్చి ఉన్నాయి, కస్టమర్ అడిగింది అడుగున ఉంది అనుకుందాం. పై నాలుగు దించాలి, అడుగుది తీయాలి, ఆ నాలుగూ మళ్లీ సర్దాలి. మొత్తం తొమ్మిది సార్లు ఎత్తడం. ఒక్కోటి 43 కిలోలంటే 387 కిలోలు. అదీ ఒక్క బ్యానర్ కోసం. ర్యాక్‌లో ఏ రోల్‌కి ఆ రోల్ విడిగా ఉంటే? ఒక్కసారి. కంప్యూటర్‌లో ఈ తేడా మిల్లీసెకన్లలో తెలుస్తుంది. షాపులో వెన్నుపూసల్లో తెలుస్తుంది.

ఇది నేను పుస్తకం చూసి రాస్తున్న మాట కాదు. మా పెదనాన్న గారి అబ్బాయి ఒక ఫ్లెక్స్ షాపులో మెషీన్ ఆపరేటర్. డిజైన్ వచ్చు, మెషీన్ వచ్చు, హెడ్ క్లీనింగ్ వచ్చు. రోల్ ఎత్తడం కూడా ఆయన పనే. ఎలక్షన్ల టైమ్‌లో రాత్రంతా మెషీన్ ఆగదు, రోల్ మార్చే పనీ ఆగదు. ఇరవై ఏడేళ్లకే నడుముకి బెల్టు పెట్టుకుని తిరుగుతున్నాడు. డాక్టరు బరువులు ఎత్తొద్దన్నాడు. "ఎత్తకపోతే ఇంకొకడిని పెట్టుకుంటార్రా" అన్నాడు నాతో. ఇంకోసారి నవ్వుతూ, "మీ కోడ్‌కి బరువుండదు కదరా, అదృష్టవంతులు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఎంత బరువు వరకు ఫర్వాలేదు అన్నదానికి లెక్కలున్నాయి. అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం మీద పరిశోధన చేసే నియోష్ అనే ప్రభుత్వ సంస్థ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉంటే 23 కిలోలు. అంటే బరువు ఒంటికి దగ్గరగా ఉండాలి, ఎత్తు సరిపోవాలి, ఒళ్లు మెలితిప్పకూడదు, పట్టు దొరకాలి. వీటిలో ఏది తగ్గినా ఆ 23 ఇంకా తగ్గుతుంది. నేల మీది రోల్ విషయంలో ఇవన్నీ తగ్గినట్టే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967 నాటి సిఫార్సులో మగ కార్మికుడు మోసే బరువు 55 కిలోలు దాటకూడదని చెప్పింది. మన 67 కిలోల రోల్ దాన్ని కూడా దాటేసింది. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్‌లో, గాయమయ్యేంత బరువు ఎవరి చేతా ఎత్తించకూడదని రాశారు. కానీ కరెంటుతో నడిచే చోట పదిమంది పనిచేస్తేనే ఆ చట్టం లెక్కలోకి వచ్చేది. ముగ్గురు పనిచేసే షాపుని ఫ్యాక్టరీ అని ఎవరంటారు? చట్టం పెద్ద గేట్ల దగ్గరే ఆగిపోయింది, రోల్ బరువు మాత్రం చిన్న షాపులో కూడా అంతే ఉంది.

"ఇద్దరు కలిసి ఎత్తితే సరిపోతుంది కదా" అంటారు. 67లో సగం 33 పైనే, అది కూడా 23 కంటే ఎక్కువే. పైగా రాత్రి పన్నెండింటికి షాపులో ఉండేది ఒక్కడే. కాబట్టి ఎలా ఎత్తాలి అన్నది తర్వాతి మాట. అసలు ఎత్తే అవసరం ఎలా తగ్గించాలి అన్నదే ముందు ఆలోచించాలి. లారీ గ్యారేజీలో ఇంజన్‌ని ఎవరూ భుజాన మోయరు. చైన్ పుల్లీ వేస్తారు. అక్కడ ఎవరికీ అది విడ్డూరంగా అనిపించదు.

నడుము సంగతి పట్టని ఓనర్‌కి కూడా ర్యాక్ వల్ల లాభమే. పేర్చిన రోల్స్‌లో అడుగువి పై బరువుకి నొక్కుకుపోతాయి, ముడతలు పడతాయి. ముడత లేచిన చోట ప్రింట్ హెడ్ రాసుకుంటుంది. హెడ్ పోతే ఎంత ఖర్చో ఓనర్‌కి నేను చెప్పక్కర్లేదు. నిలబెట్టి గోడకి ఆనిస్తే, కింది అంచు నలుగుతుంది. ఆ నలుగు చుట్టు చుట్టుకీ కనిపిస్తుంది. అది జారి మనిషి మీద పడితే ఇక చెప్పేదేముంది. వానాకాలం నేల చెమ్మ ఇంకో బాధ. వినైల్‌కి అయితే జిగురు ఉంటుంది కాబట్టి పాత రోల్ ముందు వాడేయాలి. కుప్పలో పాతది ఎప్పుడూ అడుగునే ఉంటుంది.

"చోటు లేదు, అద్దె షాపు, గోడకి మేకు కొట్టనివ్వరు" అన్నది నిజమైన ఇబ్బందే. కానీ కుప్ప కూడా చోటు తింటోంది కదా. గోడకి కొట్టక్కర్లేదు, నేలకి బోల్టు వేసి నిలబెట్టే ఇనుప ఫ్రేమ్ చాలు. రెండు వైపులా యాంగిల్, రోల్ గొట్టంలోంచి దూర్చిన గట్టి పైపు, అది జారకుండా కొసల్లో అడ్డు. పైపు సన్నగా ఉంటే నడిమధ్యలో వంగుతుంది, అక్కడ పిసినారితనం పనికిరాదు. పక్క వీధి వెల్డింగ్ షాపులో అయ్యే పని ఇది.

సర్దేటప్పుడు మూడు విషయాలు చూసుకోవాలి. ఒకటి, మెషీన్ వెనక రోల్ ఎక్కించే షాఫ్ట్ ఎంత ఎత్తులో ఉందో కొలిచి, రోజూ వాడే రోల్ ర్యాక్‌లో అదే ఎత్తులో, మెషీన్‌కి దగ్గరగా ఉంచాలి. మధ్యలో అదే ఎత్తున్న చక్రాల ట్రాలీ ఉంటే రోల్‌ని ఎత్తే పని ఉండదు, జరపడమే. మా భాషలో దీన్ని క్యాష్ అంటాం, మాటిమాటికీ వాడేది చేతికందేలా ఉంచడం. రెండు, బాగా బరువైనవి భుజాల కంటే పైకి ఎప్పుడూ వద్దు. పైన పెట్టాల్సివస్తే మిగిలిపోయిన సన్న ముక్కలు పెట్టుకోండి. మూడు, ప్రతి రోల్ కొసన బరువు, వచ్చిన తేదీ మార్కర్‌తో రాసి అంటించాలి. ఎంత బరువో తెలియకుండా చెయ్యి వెయ్యడం వల్లే సగం దెబ్బలు తగులుతాయని అన్నయ్య అంటాడు.

మనం ఏం చేయగలం అంటారా? ప్రాజెక్ట్ ఎక్స్‌పోలకి లైన్ ఫాలోయర్ రోబోలు ఏటా చేస్తూనే ఉన్నాం. ఒక్క ఏడాది ఆ టేబుల్ మీద ఒక రోల్ ర్యాక్, ఒక ట్రాలీ డిజైన్ పెడదాం. మన గేటు ఎదురుగా ఉన్న షాపుకే వెళ్లి కొలతలు తీసుకుందాం. ఏ రోల్ ఎన్నిసార్లు వాడుతున్నారో నెల రోజుల పాటు రాసి, ఏది ఏ ఎత్తులో ఉండాలో చెప్పే చిన్న ప్రోగ్రామ్ నేను రాస్తా. వెల్డింగ్ వచ్చిన మెకానికల్ వాళ్లు ఇద్దరు కావాలి. పేర్లు క్లబ్ రూమ్‌లో ఇవ్వండి.