దెబ్బలకీ తేదీలుంటాయి

నేరేడ్‌మెట్‌లో సెల్లారు తవ్వడం మొదలుపెడితే ఎక్కువ లోతుకి పోకుండానే బండ తగులుతుంది. కంప్రెసర్ పెట్టి కొట్టేవాళ్లకి అదో తలనొప్పి. భూగర్భ శాస్త్రం చదివినవాళ్లకి మాత్రం దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. అంతకన్నా చాలా పాతవి ఆకాశం నుంచి పడుతుంటాయి. రాతి ఉల్కల్లో అత్యధికం సుమారు 456 కోట్ల ఏళ్ల కిందట, సౌరకుటుంబం ఏర్పడుతున్నప్పుడే పుట్టాయి. ఎక్కడ ఉల్క పడ్డా పత్రికల్లో ఆ అంకె వేస్తాం, పక్కన బరువు వేస్తాం, వేలంలో ఎంత పలుకుతుందో కూడా వేస్తాం. అక్కడితో సరిపెట్టుకోవడం మీదే నా అభ్యంతరం. పుట్టిన కాలం దాదాపు అన్నిటికీ ఒకటే. ఒక్కో రాయికి సొంత కథ వచ్చేది అది తిన్న దెబ్బల వల్ల. వాటికీ తేదీలున్నాయి, మనమే అడగడం లేదు.

మన గడ్డ మీద పడ్డవే తీసుకుందాం. 1814లో గుర్రంకొండలో ఒకటి పడింది. నమోదైన బరువు 28 గ్రాములే. 1852లో నెల్లూరు ప్రాంతంలో యాటూర్ పేరుతో నమోదైనది 13 కిలోల పైమాటే. రెండోది ఇనుము ఎక్కువుండే ‘హెచ్’ వర్గం. గుర్రంకొండది ఇనుము తక్కువుండే ‘ఎల్’ వర్గం. ఈ ఎల్ వర్గం మీద పడ్డంత పెద్ద దెబ్బ ఉల్కల చరిత్రలో అరుదు.

దెబ్బ ఆనవాలు పట్టడానికి రాయిని మిల్లీమీటరులో నూటికి మూడు వంతుల మందానికి అరగదీసి, ధ్రువిత కాంతి మైక్రోస్కోపు కింద పెడతారు. కింది పళ్లెం తిప్పుతుంటే, దెబ్బ తగలని ఆలివిన్ స్ఫటికం ఒక్కసారిగా నల్లబడుతుంది. కాస్త తగిలినదైతే చీకటి ఒక కొస నుంచి రెండో కొసకి అలలా పాకుతుంది. గట్టిగా తగిలినది ముక్కలు ముక్కలుగా, ఒక్కో చోట ఒక్కోసారి నల్లబడుతుంది. ఇంకా తీవ్రమైతే పక్కనున్న ఫెల్డ్‌స్పార్ ఆకారం చెడకుండానే గాజైపోతుంది, రాయి కరిగి గడ్డకట్టిన నల్లటి సిరలు కనిపిస్తాయి. ఆ గాజుని మొదట గుర్తించింది 1865లో బిహార్‌లోని షేర్‌గాటీలో పడ్డ ఉల్కలోనే. 1872లో వియన్నా శాస్త్రజ్ఞుడు చెర్మాక్ దానికి మాస్కెలినైట్ అని పేరు పెట్టాడు. ఇలాంటి గుర్తులన్నీ చూసి 1991లో స్టాఫ్లర్, కైల్, స్కాట్ అనే ముగ్గురు దెబ్బ తీవ్రతని ఎస్1 నుంచి ఎస్6 దాకా ఆరు మెట్లుగా విడగొట్టారు.

ఎంత గట్టిదో తేలింది సరే, ఎప్పటిదో ఎలా? రాతిలో ఉండే పొటాషియం-40లో కొంత భాగం నెమ్మదిగా ఆర్గాన్ వాయువుగా మారుతుంటుంది. 125 కోట్ల ఏళ్లకి సగం పొటాషియం-40 తరిగిపోతుంది. ఆ వాయువు స్ఫటికంలోనే చిక్కుకుని ఉంటుంది. పెద్ద దెబ్బ తగిలి రాయి వేడెక్కితే అది బయటికి పోతుంది, లెక్క సున్నా నుంచి మళ్లీ మొదలవుతుంది. ప్రయోగశాలలో రాయిని రియాక్టరులో న్యూట్రాన్లకి గురిచేసి, తర్వాత మెట్లుమెట్లుగా వేడి చేస్తూ వచ్చిన ఆర్గాన్‌ని కొలుస్తారు. చిక్కంతా సగం సగం తుడిచిపెట్టుకుపోయిన రాళ్లతోనే. పాత ఆర్గాన్ కొంత మిగిలిపోతే దెబ్బ అసలుకన్నా పాతదనిపిస్తుంది. ఎల్ వర్గానికి చాలాకాలం 50 కోట్ల ఏళ్ల చుట్టూ లెక్కలు వచ్చేవి. ఆ అదనపు ఆర్గాన్ వాటాని విడదీసి చూశాక 2007లో 47 కోట్ల దగ్గర కుదిరింది.

దానికి సాక్ష్యం స్వీడన్ గనిలో దొరికింది. మనకి తాండూరు బండలెలాగో, అక్కడ థోర్స్‌బర్గ్ గనిలో తీసే సున్నపురాయి పలకలు అలాగ, ఇళ్లలో పరచుకునేవే. నల్లమచ్చలున్న పలకల్ని పనివాళ్లు చెత్తలో పారేసేవారు. అవి 47 కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు అడుగున పడ్డ ఉల్కలని తేలాక, వందకు పైగా బయటపడ్డాయి. దాదాపు అన్నీ ఎల్ వర్గమే. గ్రహశకలాల మధ్య వంద కిలోమీటర్లకు పైబడిన ఒక శిల పగిలి, ఆ తునకలు భూమి మీద కురిశాయన్నమాట. ఇప్పటికీ పడుతున్న ఉల్కల్లో మూడో వంతుకు పైగా ఆ వర్గానివే.

ఉల్క వాతావరణంలో మండుతూ వస్తుంది కదా, ఈ దెబ్బల గుర్తులన్నీ చెరిగిపోవా అని అడుగుతారు. చెరగవు. మంట పైన మిల్లీమీటరు మందాన నల్లని పొర వేస్తుంది అంతే, లోపలికి చేరదు. చెరిపేది మనమే. సుత్తితో కొట్టి చూస్తాం, పసుపు కుంకుమ పూసి కడుగుతాం, అయస్కాంతం తగిలించి అందులోని పాత అయస్కాంత గుర్తులు పాడుచేస్తాం. ఇంకోవైపు, బుడగలు బుడగలుగా ఉన్న ఇనుపచిట్టెం ముక్కని ఉల్క అని చెప్పి వాట్సాప్‌లో తిప్పుతాం. ఉల్కలో బుడగలు దాదాపు ఉండవు, పైపొర పలచగా నల్లగా ఉంటుంది, పరిమాణానికి మించిన బరువు ఉంటుంది.

దేశంలో పడ్డ ఉల్కల సంరక్షణ భారత భూగర్భ సర్వేక్షణ సంస్థది. దాని దక్షిణ ప్రాంత కార్యాలయం మన బండ్లగూడలోనే ఉంది. అనుమానమొచ్చిన రాయిని చేత్తో పట్టుకోకుండా శుభ్రమైన కవరులో వేసి, దొరికిన చోటు, సమయం రాసి అక్కడ చూపించాలి. ఇక పత్రికలవాళ్లం మేం చేయాల్సింది ఒకటుంది. ఉల్క వార్తలో ధర వేసే చోట అది ఎస్ ఎంతో, ఆఖరి దెబ్బ ఎన్ని కోట్ల ఏళ్ల నాటిదో అడిగి రాయడం.