రెండూ చదవాలి

మా స్టేషన్ ఘన్‌పూర్‌లో పెద్దలు 1948ని రెండు విధాలుగా చెబుతారు. ఒకరు రజాకార్ల దౌర్జన్యాలతో ఆపేస్తారు, మరొకరు పోలీసు చర్యతోనే మొదలుపెడతారు.

మందుముల నరసింగరావు గారి ‘50 సంవత్సరాల హైదరాబాదు’ చదివాం. కళ్ళారా చూసిన మనిషి రాసిన పుస్తకం. ఆయన ఉర్దూ దినపత్రిక ‘రయ్యత్’ సంపాదకులు. (హిందువు ఉర్దూ పత్రిక నడిపాడంటే మన పిల్లలు నమ్మరు!) అందులో పనిచేసిన షోయబుల్లా ఖాన్ మన మానుకోట ప్రాంతం బిడ్డే. తరువాత ‘ఇమ్రోజ్’ పెట్టి, రజాకార్లను ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో కాచిగూడలో హత్యకు గురయ్యాడు. చంపినవారూ కలిమా చదివినవారే.

అయితే ఇంతటితో పుస్తకం మూయరాదు. పోలీసు చర్య తరువాత జిల్లాలు తిరిగిన పండిత్ సుందర్‌లాల్ బృందంలో ‘పయామ్’ స్థాపకులు ఖాజీ అబ్దుల్ గఫార్ ఉన్నారు. మృతులు 27,000 నుంచి 40,000 అని వారి అంచనా. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాలపాటు దాచిపెట్టింది.

రెండూ తెచ్చుకోండి. ఆనాటి పెద్దలు ఇంట్లో మిగిలి ఉంటే చదివి వినిపించండి, వారు చెప్పింది రాసుకోండి.