మంటను ఆపదు, ఆలస్యం చేస్తుంది

క్రిస్మస్ నెల రాగానే మన ఇళ్లలోనూ, మందిరాల్లోనూ అలంకరణలు మొదలవుతాయి. థర్మోకోల్‌తో చేసిన పశువుల పాక, ప్లాస్టిక్ చెట్టు, నైలాన్ తెరలు, సీరియల్ లైట్లు. వాటి మధ్యనే కొవ్వొత్తులు. ఎవరైనా జాగ్రత్త చెబితే, "ఏళ్ల తరబడి ఇలాగే పెడుతున్నాం, ఏమీ కాలేదు. పైగా ఈసారి కొన్నవి మంట అంటుకోని రకం" అనే జవాబు వస్తుంది. కాలిన గాయాలకు వైద్యం చేసేవారికి ఈ ధీమా చూస్తే భయం వేస్తుంది. "మంట అంటుకోని ప్లాస్టిక్" అనే మాటే సరైనది కాదని నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం.

ప్లాస్టిక్ ఎలా మండుతుంది?

కొవ్వొత్తిని గమనించండి. మైనం ముద్దకు అగ్గిపుల్ల చూపిస్తే కరుగుతుందే గాని వెంటనే మండదు. వత్తి దగ్గరి వేడికి అది ఆవిరై, ఆ ఆవిరి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసినప్పుడే వెలుగుతుంది. ప్లాస్టిక్ కూడా అంతే. పాలిథిన్ సంచికీ, కొవ్వొత్తి మైనానికీ చుట్టరికం ఉంది. రెండూ కార్బన్, హైడ్రోజన్ గొలుసులే. కాకపోతే పాలిథిన్‌లో గొలుసులు చాలా పొడవు. వేడి తగిలితే ఆ గొలుసులు తెగి వాయువులుగా మారతాయి. మండేది ఆ వాయువులే. ఆ మంట వేడికి ప్లాస్టిక్ నుండి మరిన్ని వాయువులు వస్తాయి. ఇలా మంట తనకు కావలసిన మేత తానే తయారుచేసుకుంటుంది.

థర్మోకోల్ మరీ ప్రమాదకరం. అది కరిగి, మండుతూ బొట్లు బొట్లుగా కింద పడుతుంది. ఆ బొట్టు చర్మం మీద పడితే అతుక్కుపోయి లోతుగా కాలుస్తుంది. నైలాన్, పాలిస్టర్ బట్టలూ అంతే.

మందు కలిపితే ఏమవుతుంది?

మంటను అడ్డుకోవడానికి ప్లాస్టిక్‌లో కలిపే రసాయనాలు ముఖ్యంగా మూడు విధాలుగా పనిచేస్తాయి. అల్యూమినియం హైడ్రాక్సైడ్ వంటివి సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాటాక నీటి ఆవిరిని విడిచి చల్లబరుస్తాయి. దాని బరువులో మూడో వంతు నీరుగానే బయటికి వస్తుంది. భాస్వరం కలిసిన కొన్ని రసాయనాలు పైన బొగ్గు పొరను ఏర్పరచి, లోపలి ప్లాస్టిక్‌కు వేడి చేరకుండా కాపాడతాయి. బ్రోమిన్, క్లోరిన్ రకాలు మంటలోకే వెళ్లి, దాన్ని నడిపించే చర్యలకు అడ్డుపడతాయి.

ఇవన్నీ మంచివే. కానీ వీటి పని చిన్న మంటను పెద్దది కాకుండా కొంతసేపు ఆపడమే. చుట్టూ అన్నీ అంటుకున్నాక ఆ ప్లాస్టిక్ కూడా మండుతుంది. మనం ఆ మందు వల్ల కొనుక్కున్నది కొన్ని నిమిషాలు మాత్రమే. ఆ నిమిషాలు బయటపడడానికి ఇచ్చినవి, ధీమాగా కూర్చోవడానికి కాదు.

పొగ సంగతి మరువకండి

మంట తగ్గినంత మాత్రాన పొగ తగ్గదు. బ్రోమిన్ రకం రసాయనాలు కలిపినవి సగం సగం కాలి, పొగనూ, కార్బన్ మోనాక్సైడ్‌నూ ఎక్కువగా విడిచే అవకాశం ఉంది. ఈ వాయువు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా మన రక్తాన్ని పట్టుకుంటుంది. సోఫాల్లోని, పరుపుల్లోని ఫోమ్ కాలితే సైనైడ్ వాయువు కూడా వస్తుంది. వైర్ల పైన ఉండే పి.వి.సి. తొడుగు కాలితే వచ్చే వాయువు గొంతులోని తడితో కలిసి ఆమ్లంగా మారుతుంది. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో ఆరుగురు యువతీ యువకులు పొగతో ఊపిరాడకనే మరణించారు.

మనం ఏం చేయాలి?

వైరు మీద ఎఫ్.ఆర్. అని ఉంటే మంటను ఆలస్యం చేసేదని, ఎఫ్.ఆర్.ఎల్.ఎస్. అని ఉంటే పొగ కూడా తక్కువని అర్థం. కొనేటప్పుడు అవే అడగండి. కానీ ఒకే ప్లగ్గుకు ఐదారు సీరియల్ సెట్లు తగిలిస్తే ఏ మందూ కాపాడలేదు. థర్మోకోల్, కొవ్వొత్తి ఒకే చోట ఉండకూడదు. కొవ్వొత్తులను ఇసుక పళ్లెంలో, తెరలకు దూరంగా నిలపండి. పడుకునే ముందు లైట్లు ఆర్పండి. మందిర కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే. అలంకరణకు పెట్టే శ్రద్ధలో సగమైనా తలుపుల మీద పెట్టండి. ఆరాధన జరుగుతుండగా పక్క తలుపులకు తాళం వేయకండి, వాటి ముందు కుర్చీలు పేర్చకండి.

పొగ కమ్మితే నేలకు దగ్గరగా వంగి బయటికి రండి. వస్తువుల కోసం వెనక్కి వెళ్లకండి. 101కి ఫోన్ చేయండి. ఎవరికైనా కాలితే 20 నిమిషాలు కుళాయి నీటి కింద ఉంచండి. గాజులు, ఉంగరాలు తీసేయండి. చర్మానికి అతుక్కున్న ప్లాస్టిక్‌నూ, బట్టనూ లాగకండి. టూత్‌పేస్టు, సిరా పూయకండి. శుభ్రమైన గుడ్డ కప్పి, 108లో ఆసుపత్రికి తీసుకురండి.

"ఏళ్ల తరబడి ఏమీ కాలేదు" అనేవారికి చివరగా ఒక మాట. కాలిన గాయాలతో వార్డులో చేరినవారి ఇళ్లలోనూ ముందు రోజు వరకు ఏమీ కాలేదు.