తెల్లవాళ్ళ చట్టం, ఆర్యుడి అర్జీ

అమెరికా వీసాలు బిగించినప్పుడల్లా మన పత్రికలు జాతి వివక్ష అని రాస్తాయి. నిజమే, అది వివక్షే. కానీ దాని చరిత్రలో మన దేశం నుంచి పోయిన ఒకాయన వినిపించిన వాదన ఉంది. దాని గురించి మాత్రం రాయరు.

వలస వచ్చినవాళ్ళలో తెల్లవాళ్ళకే పౌరసత్వమని 1790లోనే అక్కడ చట్టం చేశారు. రైలు పట్టాలు వేయడానికి చైనా కూలీలు కావలసి వచ్చారు. 1869లో పట్టాలు కలిశాయి. 1882లో చైనా కూలీలు రాకూడదని చట్టం వచ్చింది. 1917లో మనకూ తలుపు మూశారు.

భగత్‌సింగ్ థింద్ (ఉరికంబమెక్కిన భగత్‌సింగ్ కాదు) పంజాబీ సిక్కు. అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. తెల్లవాళ్ళకే ఎందుకివ్వాలని అడిగాడా? లేదు. నేను అగ్రకులం ఆర్యుణ్ణి, కాబట్టి తెల్లవాణ్ణే అన్నాడు. అతని తరఫు వాదన ఇంకా దిగజారింది. పెళ్ళి విషయంలో మీరు నల్లవాళ్ళను ఎలా చూస్తారో, మా అగ్రకులాలు మా దేశపు మూలవాసులను అలాగే చూస్తాయన్నారు. ఎవరా మూలవాసులు? మనమే. మన తాతలకు తెలియకుండా, సముద్రాల అవతల, మన మీద అసహ్యాన్ని యోగ్యతాపత్రంలా చూపించారు.

1923లో కోర్టు ఒప్పుకోలేదు. శాస్త్రం ఏం చెప్పినా, మామూలు జనం వాడుకలో నువ్వు తెల్లవాడివి కావంది. ఆ తర్వాత, అప్పటికే పౌరసత్వం పొందిన భారతీయుల్లో చాలామంది దగ్గర దాన్ని లాగేసుకున్నారు.

మరి ఆ నేల అసలు హక్కుదారులు? జాన్ ఎల్క్ అనే ఆదివాసి తెగను వదిలి ఒమాహా పట్నంలో కాపురముండి ఓటు అడిగితే, నువ్వు పౌరుడివి కావని 1884లో ఇదే కోర్టు చెప్పింది. పుట్టిందేమో ఆ గడ్డ మీదే! 1924 మే 26న ఆసియా వాళ్ళను దాదాపు పూర్తిగా ఆపేసే వలస చట్టం వచ్చింది. వారానికి, జూన్ 2న, ఆదివాసులందరికీ పౌరసత్వమిచ్చారు. అయినా అరిజోనా, న్యూమెక్సికోల్లో రిజర్వేషన్లలో ఉన్నవాళ్ళు 1948 దాకా ఓటుకు నోచుకోలేదు.

దేశాలవారీ కోటాలను 1965లో తీసేశారు. నల్లవాళ్ళు లాఠీదెబ్బలు తిని, జైళ్ళకెళ్ళి దేశాన్ని కదిలించిన రోజులవి. మన తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు విమానమెక్కింది ఆ తెరుచుకున్న దారిలోనే. కొందరు కులాన్ని కూడా పెట్టెలో సర్దుకుని పోయారు.

ప్రవాస సంఘాల సభల్లో థింద్‌ను వివక్షకు బలైనవాడిగా తలుచుకుంటే తలుచుకోండి. అతని తరఫున కోర్టుకిచ్చిన వాదనలో మన గురించి ఉన్న ఆ వాక్యాన్ని కూడా, అదే వేదిక మీద, అందరికీ వినపడేలా చదవండి.