పరమాణువులు ఆటబొమ్మలా?

తటస్థ పరమాణువులతో నడచు క్వాంటము గణనయంత్రములు రహస్యలిపులను ఛేదించువఱకు వట్టి ఆటబొమ్మలేయని కొందఱు పెద్దలు సెలవిచ్చుచున్నారు. ఇంకను ఛేదింపలేదన్నది నిజమే. ఆటబొమ్మలన్న మాటను మాత్రము మేమంగీకరింపజాలము. 2017లో హార్వర్డు శాస్త్రజ్ఞులు 51 రుబీడియము పరమాణువులను లేజరు కాంతితో పట్టి వరుసగా నిలిపిరి. ఒకటి విడిచి యొకటిగా వానిని ఉత్తేజపఱచి, పిమ్మట హఠాత్తుగా పరిస్థితులను మార్చి, తమలో తాము పెనగులాడ విడిచిరి. అట్టి గుంపు తన తొలి యమరికను శీఘ్రముగా మఱచునని యందఱి యంచనా. మఱవలేదు! మరల మరల తొలి యమరికకే వచ్చినది. ఎందులకని సిద్ధాంతవేత్తలు తర్కించి, 2018లో దీనికి 'మచ్చ' యని పేరిడి వివరింపబూనిరి. పేరు ముద్దుగా లేదు గాని విషయము గొప్పది. 2021లో 256 పరమాణువులను ఒకే తలముపై పేర్చి, అంతవఱకు ప్రయోగమునకు చిక్కని పదార్థదశలను చూచిరి. లిపి ఛేదనకు గడువు లెక్కించు పెద్దలు ఈ ఫలితములను చదివినారా?