ప్రకృతి – వికృతి: ఒక టామీ తుపాకి



తెలుగు మాధ్యమంలో చదువుకున్న వారందరికీ ప్రకృతి–వికృతులు గుర్తుండే ఉంటాయి. అగ్ని ప్రకృతి, అగ్గి వికృతి. రాత్రి ప్రకృతి, రాతిరి వికృతి. పరీక్షలలో తప్పక వచ్చే ప్రశ్న. వ్యాకరణంలో వికృతి అంటే వికారమైనది అని అర్థం కాదు. మూలపదం మన నోటికి అనువుగా మారిన రూపమని మాత్రమే అర్థం. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు ఈ పాఠం చెప్పాను. ఈ టపాలో దానిని ఒక తుపాకికి అన్వయించబోతున్నాను. తెలుగు పండితునికి తుపాకులతో పనేమిటని నవ్వుకోకండి. అమెరికాలో స్థిరపడిన మన పిల్లల ఇళ్ళలో కూడా తుపాకులు చేరుతున్న కాలమిది. కనుక పెద్దవాళ్ళం ఆ విషయమై ఒక అభిప్రాయమంటూ ఏర్పరచుకోక తప్పదు.

ఆ తుపాకి పేరు థామ్సన్. జనం నోట టామీ గన్. పాత హాలీవుడ్ చిత్రాలలో టోపీ పెట్టుకున్న ముఠాకోరులు కారు కిటికీలోంచి దడదడ పేల్చేది అదే. కింద గుండ్రని తూటాల డ్రమ్ము, ముందు చేతిపిడి, వెనుక భుజానికి ఆనించుకొనే కర్ర. ఒకసారి చూస్తే మరచిపోలేని ఆకారం. దాని పౌర రూపాంతరం ఒకటి అమెరికా దుకాణాలలో దొరుకుతుంది. చూపులకు అంతా అదే. కాని ట్రిగ్గరు ఒకసారి నొక్కితే ఒకే తూటా పేలుతుంది. ఆ దడదడ ఉండదు. అంటే మూలం ప్రకృతి, ఇది వికృతి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చట్టబద్ధంగా ఈ వికృతిని కొని, దాచుకొని, గురి చూసి కాల్చి ఆనందించే వారిని నేను తప్పుపట్టను. దానిని "బొమ్మ" అనడాన్ని మాత్రం తప్పుపడతాను. ఎందుకో వివరించాలంటే కొంత చరిత్ర చెప్పాలి.

జాన్ టాలియాఫెరో థామ్సన్ (1860–1940) అమెరికా సైన్యంలో ఆయుధ విభాగపు అధికారి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఐరోపా కందకాలలో సైనికులు వేలకు వేలుగా నేలకూలుతున్న రోజులవి. ఒక్క మనిషి చేత పట్టుకొని కందకాన్ని ఊడ్చివేయగల చీపురు వంటి ఆయుధం కావాలని ఆయన తలచాడు. థామస్ ఫార్చ్యూన్ ర్యాన్ అనే ధనికుని పెట్టుబడితో 1916లో ఆటో-ఆర్డ్నెన్స్ అనే సంస్థ వెలసింది. తుపాకి నమూనాలు ఒక కొలిక్కి వచ్చేసరికి 1918 నవంబరు రానే వచ్చింది, యుద్ధం ముగిసింది. యుద్ధం కోసం పుట్టిన ఆయుధానికి యుద్ధమే లేకుండా పోయింది. అయినా 1921లో కోల్ట్ కర్మాగారంలో 15,000 తుపాకుల తయారీకి పూనుకున్నారు. "సబ్ మెషీన్ గన్" అన్న పేరు ఈ తుపాకితోనే వాడుకలోకి వచ్చింది. మెషీన్ గన్నుకు మనకు మరతుపాకి అన్న చక్కని మాట ఉన్నది. దానిలో పిస్తోలు తూటాలు వాడే చేతి రకాన్ని చిట్టి మరతుపాకి అనవచ్చునేమో.

సైన్యం కొనలేదు, పోలీసులు కొద్దిగా కొన్నారు. ధర సుమారు 200 డాలర్లు. ఆనాడు సామాన్యులు సైతం కొనుక్కోవచ్చును. అది మద్యనిషేధ కాలం. దొంగసారా ముఠాల చేతిలో డబ్బు ఉన్నది. ఆ తరువాత జరిగినది లోకవిదితం. 1929 ఫిబ్రవరి 14న చికాగోలో ఒక గరాజులో ఏడుగురిని గోడవైపు నిలబెట్టి కాల్చి చంపారు. హంతకులలో కొందరు పోలీసు దుస్తులలో వచ్చారు. వాడిన ఆయుధాలలో రెండు థామ్సన్లు ఉన్నాయి. తన దేశపు సైనికుల ప్రాణాలు కాపాడాలని ఒక పెద్దమనిషి చేసిన వస్తువు ఆయన కళ్ళముందే హంతకుల చిహ్నమైపోయింది. రెండవ ప్రపంచ యుద్ధంలో అదే తుపాకి సుమారు 15 లక్షల సంఖ్యలో తయారై సైన్యాలకు చేరింది. బ్రిటిషు పక్షాన పోరాడిన మన భారతీయ సైనికులూ దానిని పట్టారు. అయితే ఆ వైభవం చూడకుండానే థామ్సన్ 1940 జూన్‌లో కన్నుమూశాడు.

ఇక చట్టం సంగతి. 1934లో అమెరికా ప్రభుత్వం జాతీయ ఆయుధ చట్టం చేసి, మరతుపాకులను నమోదు చేయించాలని, చేతులు మారినప్పుడల్లా 200 డాలర్ల సుంకం కట్టాలని విధించింది. తుపాకి ధర ఎంతో సుంకమూ ఇంచుమించు అంతే. నిషేధించకుండానే దూరం చేయడమన్నమాట. 1986 మే 19 తరువాత తయారైన మరతుపాకులు పౌరులకు అసలే దక్కకుండా మరొక చట్టం వచ్చింది. అందుచేత అంతకు పూర్వం నమోదైన అసలు థామ్సన్లు నేడు పదుల వేల డాలర్లు పలుకుతున్నాయి. మూలవిరాట్టు గర్భగుడి దాటి రాదు కదా. వీధులలో తిరిగేది ఉత్సవవిగ్రహమే. పౌర రూపాంతరం అటువంటిది, రెండువేల డాలర్లకు అటూ ఇటూగా దొరుకుతుంది.

ఈ రూపాంతరాన్ని ఎలా మార్చారో గమనించండి. అసలు తుపాకిలో బోల్టు వెనుకకు తెరచుకొని ఉండి, ట్రిగ్గరు నొక్కగానే ముందుకు దూకి తూటాను పేలుస్తుంది. తెరచిన బోల్టుతో పేలే తుపాకులను సులువుగా మరతుపాకులుగా మార్చవచ్చునని 1982లో అక్కడి ప్రభుత్వ విభాగం వాటిలో కొన్నింటిని మరతుపాకుల కిందనే జమకట్టింది. పౌర థామ్సన్ మూసిన బోల్టుతో పేలుతుంది. అసలు దాని గొట్టం పదిన్నర అంగుళాలైతే దీనిది పదహారున్నర. కారణం, పదహారు అంగుళాలకు తక్కువైన రైఫిలు కూడా 1934 చట్టం కిందికే వస్తుంది. 2026 జనవరి 1 నుండి పొట్టి గొట్టాల మీద సుంకాన్ని సున్న చేశారు గాని నమోదు తప్పదు. మరతుపాకుల మీద 200 డాలర్లు మాత్రం నేటికీ అలాగే ఉన్నది.

పండితుణ్ణి కనుక నన్ను ఎక్కువగా ఆకర్షించినది చట్టంలోని నిర్వచనం. ట్రిగ్గరు ఒక్కమారు పనిచేసినప్పుడు ఒకటికి మించి తూటాలు వాటంతట అవే వెలువడితే అది మరతుపాకి అని అమెరికా చట్టం. ట్రిగ్గరు మీద వత్తిడి ఉన్నంతసేపూ తూటాలు వెలువడుతూనే ఉండే తుపాకి నిషిద్ధాయుధమని 1959 నాటి మన ఆయుధ చట్టం. ఎంతటి భేదమైనా చివరికి "ఒక" అనే చిన్న సంఖ్యావాచకం మీద నిలిచి ఉన్నది.

మా అబ్బాయి టెక్సాసులో ఉంటాడు, ఇప్పుడు ఆ దేశపు పౌరుడు. వాడికి చిన్ననాటి నుండి యుద్ధచరిత్ర మీద మక్కువ. ఈ పౌర థామ్సన్ కొన్నాడు. మేము వెళ్ళినప్పుడు కాల్పుల మైదానానికి రమ్మన్నాడు. వెళ్ళాను, చూశాను, కాల్చలేదు. భయం చేత కాదు. కళాశాలలో ఎన్‌సీసీ రోజులలో పాయింట్ 22 రైఫిలు పట్టినవాడినే. సందర్శక వీసా మీద వచ్చిన విదేశీయుడు, వేట లైసెన్సు వంటి మినహాయింపు ఉంటే తప్ప, ఆ దేశంలో తుపాకి గాని తూటా గాని చేత పట్టరాదని ఫెడరల్ చట్టం. అద్దెకిచ్చే మైదానంలోనైనా అంతే. హెచ్-1బి మీద ఉన్న మన పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. శాశ్వత నివాసులకు ఈ అడ్డు లేదు. ఈ సంగతి తెలియక సరదాకు ఫోటోలు దిగి అంతర్జాలంలో పెట్టేవారు జాగ్రత్త పడాలి.

చెవులకు రక్షణ తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకొని వెనుక నిలబడ్డాను. వాడు డ్రమ్ములో తూటాలు పేర్చి, పాత గోడగడియారానికి తాళమిచ్చినట్లు దాని స్ప్రింగు తిప్పాడు. ఖాళీ తుపాకే దాదాపు ఆరు కిలోలు. ఆ బరువు వల్ల భుజానికి దెబ్బ పెద్దగా తగలదట. ఒక్కొక్కటిగా, గురి చూసుకుంటూ, ఊపిరి బిగబట్టి యాభై తూటాలు కాల్చడానికి పది నిమిషాలు పట్టింది. అసలు థామ్సన్ అయితే ఆ యాభైని నాలుగైదు సెకన్లలో కక్కేసి ఉండును. వాడి ముఖంలోని ఏకాగ్రత చూస్తే, చిన్నప్పుడు కోతికొమ్మచ్చి మాని గంటల తరబడి క్యారమ్స్ గురి చూసే పిల్లవాడే కనిపించాడు. అందులో హింస నాకు కనబడలేదు. యంత్రం మీద ప్రేమ, ఒడుపు మీద పట్టుదల కనబడ్డాయి. గురి చూసి కొట్టడం ఒక విద్య. ద్రోణుని చెట్టుమీది పక్షి కథ చెప్పుకొని పెరిగిన మనం దానిని చిన్నచూపు చూడలేము.

చిక్కంతా ఇంటికి వచ్చాక వచ్చింది. వాడు ఆ తుపాకిని హాలులో గోడకు తగిలించాలని అనుకుంటున్నాడు. "నాన్నగారూ, ఇది చరిత్ర. పైగా ఇది అసలుది కూడా కాదు, ఒకవిధంగా బొమ్మే" అన్నాడు. నా పక్కన తొమ్మిదేళ్ళ మనవడు కూర్చొని ఆ మాట శ్రద్ధగా వింటున్నాడు.

అప్పుడు వాడిని అడిగాను: "అగ్ని కాలుస్తుంది సరే, అగ్గి కాల్చదా?"

వాడు ఒకప్పుడు నా దగ్గర పాఠం విన్నవాడే. వెంటనే అర్థమైంది. అసలు థామ్సన్ తూటా ఏదో దీని తూటా అదే. పదిహేను గ్రాముల సీసం, సెకనుకు రెండువందల అరవై మీటర్ల వేగం. చట్టం మార్చినది తూటాల వడిని మాత్రమే, తూటాను కాదు. చికాగో గరాజులో ఒక్కొక్కరి ప్రాణం తీసిన తూటాకు, మైదానంలో కాగితాన్ని తూట్లు పొడిచిన తూటాకు పరిమాణంలో భేదమేమీ లేదు. పెద్దవాడు "బొమ్మ" అన్నప్పుడు తాను పోలికగా అంటున్నానని తనకు తెలుసు. తొమ్మిదేళ్ళవాడు ఆ మాటను వాచ్యార్థంలోనే తీసుకుంటాడు. లక్షణార్థం తెలిసే వయసు కాదది.

టెక్సాసు చట్టం కూడా, పదిహేడేళ్ళలోపు పిల్లలకు తూటాలు నింపిన తుపాకి అందేలా నిర్లక్ష్యంగా ఉంచడాన్ని నేరమే అంటుంది. కాని చట్టం నింపిన తుపాకి వరకే చూస్తుంది. ఇంటి పెద్ద అంతకంటే కొంచెం ముందుకు చూడాలి. పాండవులు అజ్ఞాతవాసానికి వెళ్ళేముందు ఆయుధాలను విరటుని కొలువులో గోడకు వేలాడదీయలేదు. ఊరి బయట జమ్మిచెట్టు మీద దాచి, అది శవమని చెప్పి, ఎవరూ దరిచేరకుండా చేశారు. ఆయుధం పట్ల గౌరవమంటే ప్రదర్శన కాదు, దానికొక కట్టుబాటు కల్పించడం. ఈ మాట అన్న మూడవనాడు ఇంటికి ఇనుప పెట్టె వచ్చింది. తుపాకి ఒకచోట, తూటాలు వేరొకచోట, తాళాలు పెద్దల దగ్గర. మా కోడలు నవ్వుతూ "మామయ్యగారూ, మన జమ్మిచెట్టు పడకగది అలమరలోకి వచ్చింది" అన్నది.

దీనిపై రెండు వైపుల నుండీ ఆక్షేపణలు వస్తాయని ఎరుగుదును. ఇటువంటి వస్తువు ఇంట ఉండనేకూడదని కొందరంటారు. చికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రం 2023లో అర్ధ స్వయంచాలక తుపాకులు పెక్కింటి అమ్మకాన్ని నిషేధించింది కూడా. ఆ వాదనలో బలం ఉన్నది. కాని ప్రతి వస్తువునూ దాని అతి దుర్మార్గుడైన యజమానిని బట్టే తూచితే మనింటి కత్తిపీట కూడా మిగలదు. పైగా పౌర థామ్సన్ వంటి ఆరు కిలోల బరువును మోసుకు తిరిగేవాడు ఎక్కువగా చరిత్రప్రియుడే అయి ఉంటాడని నా నమ్మకం. ఇక రెండవ పక్షం వారు, ఒకే తూటా పేలేదానికి ఇంత ఆర్భాటమెందుకంటారు. వారికి నా జవాబు పైనే ఉన్నది. పేలే ఒక్కటీ నిజమైనదే.

నేను కోరేది చిన్న విషయం. చరిత్ర కోసం కొన్నామనే వారు ఆ చరిత్రను పూర్తిగా చెప్పాలి. సైనికుని సాహసంతో పాటు గరాజులో పడిపోయిన ఏడుగురిని కూడా చెప్పాలి. టోపీ పెట్టి, చుట్ట నోట పెట్టి, ముఠాకోరు వేషంలో పిల్లలచేత ఫోటోలు తీయించే వేడుక మానాలి. మా మనవడికి ఇప్పుడు థామ్సన్ గారెవరో, ఎందుకు చేశాడో, అది ఎవరి చేతికి చిక్కిందో తెలుసు. "తాతయ్యా, ఆయన మంచివాడా చెడ్డవాడా?" అని అడిగాడు. "మంచివాడేరా, చేసిన వస్తువు మాత్రం ఆయన మాట వినలేదు" అన్నాను. దానికి వాడు "అందుకేనా దానికి తాళం వేశారు?" అన్నాడు. అవునన్నాను.

అమెరికాలో ఉన్న మిత్రులు ఈ విషయమై తమ ఇళ్ళలో ఏ నియమాలు పాటిస్తున్నారో వ్యాఖ్యలలో తెలియజేస్తే సంతోషిస్తాను. అన్యథా అభిప్రాయాలకూ స్వాగతం.