కొనడమా? కట్టుకోవడమా?

ఉలి పట్టిన చేయి ఒకే పువ్వును నూరుసార్లు చెక్కినా ఏ రెండు పువ్వులూ ఒక్క తీరుగా ఉండవు. చేతిపనికి అందమూ అదే, చిక్కూ అదే. అంకెలలో అందిన ఆజ్ఞలను అనుసరించి, గిరగిర తిరిగే బిట్టును మూడు దిక్కులా నడిపించి చెక్కే సి.ఎన్.సి. రౌటర్‌కు ఆ చిక్కు లేదు. దీని పూర్వీకుణ్ణి 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ప్రదర్శించినప్పుడు, దానిని నడిపించడానికి బీరువాలకొద్దీ వాక్యూమ్ ట్యూబులు కావలసి వచ్చాయి. నేడు అరచేతిలో ఇమిడే పలక ఒకటి చాలు. దానిని నడిపించే జి.ఆర్.బి.ఎల్. అనే ప్రోగ్రాం 2009 నుండి ఉచితంగానే లభిస్తున్నది.

మెదడు ఇంత చౌక అయినప్పుడు ఒళ్లు మాత్రం ఎందుకు కొనాలి, ఇంట్లోనే కట్టుకోరాదా అన్న ఊహ సహజమే. పొదుపు చేసుకున్న సొమ్మూ, ఆరు నెలల ఆదివారాలూ ఈ ఊహకే అర్పించి, చివరకు సగం కట్టిన యంత్రాన్ని మంచం కిందికి నెట్టినవారు లేకపోలేదు.

చౌక యంత్రాలలో అందరూ ఎరిగినది 3018. కోతబల్ల 300 మి.మీ. పొడవు, 180 మి.మీ. వెడల్పు అని పేరే చెబుతున్నది. దాని స్టెప్పర్ మోటారు ఒక చుట్టును 200 అడుగులుగా తిరుగుతుంది. చుట్టుకు 4 మి.మీ. జరిపే మరకడ్డీని తగిలిస్తే అడుగుకు 0.02 మి.మీ. కదలిక. తలవెంట్రుక మందం కూడా లేదు! అయితే కోత అంత సన్నగా వస్తుందనుకుంటే మోసపోయినట్లే. బిట్టు చెక్కను నెడితే చెక్క కూడా బిట్టును నెడుతుంది. ఆ ఒత్తిడికి కడ్డీలు వంగుతాయి.

సొంతంగా కట్టేవారు తప్పటడుగు వేసేది ఇక్కడే. కాస్త పొడవైన కడ్డీలు వేస్తే పెద్ద యంత్రం అవుతుందనుకుంటారు. రెండు కొసలా ఆనించిన కడ్డీ పొడవు రెట్టింపయితే అదే బరువుకు ఎనిమిది రెట్లు వంగుతుంది. లావు రెట్టింపు చేస్తే వంపు పదహారవ వంతుకు తగ్గుతుంది గాని, అప్పుడు బేరింగులూ మోటార్లూ చట్రమూ అన్నీ పెరగాలి. చౌక యంత్రం పరువు కాపాడుతున్నది దాని చిన్నతనమే.

ఖర్చు లెక్క మరొక భ్రమ. మోటార్లు, కడ్డీలు, పలక—ఇవి అందరూ లెక్కిస్తారు. తీగలు, కప్లింగులు, స్విచ్చులు, లేతు షాపు కూలి, కొలత తప్పి రెండవసారి కొన్న సామాను—ఇవి ఎవరి కాగితం మీదా కనిపించవు.

కనుక పండుగనాటికి నామఫలకాలు చెక్కి నాలుగు డబ్బులు సంపాదించదలచినవాడు కొనుక్కోవడమే మేలు. మెత్తని కలప, ప్లైవుడ్, అక్రిలిక్ దానికి చాలు. ఉక్కు జోలికి పోరాదు. బిగించాక దీర్ఘచతురస్రం ఒకటి కోసి కర్ణాలు కొలవాలి. అవి సమానంగా లేకపోతే చట్రం మూలమట్టానికి లేదన్నమాట. కళ్లద్దాలూ, ముక్కుకు గుడ్డా మరువరాదు. సన్నని పొట్టు ఊపిరితిత్తులకు చేటు.

తలుపు చెక్కలు చెక్కదలచినవాడికి ఆ చిన్న బల్ల ఎలాగూ సరిపోదు. యంత్రం కట్టడమే వేడుక అనుకునేవాడికి లెక్కలతో పని లేదు. ఈ ఇద్దరూ కట్టుకోవచ్చు. అయినా ముందు చిన్నది కొని, పెద్దదానికి కావలసిన బిగింపు పలకలను దానిమీదే కోసుకోవడం తెలివైన పని. మొదట ప్లైవుడ్‌తో కోసి, రంధ్రాలన్నీ కుదిరాయని తేలాకనే అల్యూమినియం రేకు బల్లమీద పెట్టాలి.